పెదవి - పదచరిత్ర: నిరోష్ఠ్య కావ్యం నుంచి గ్రహణం మొర్రి వరకు

ఉపోద్ఘాతం:

శరీరావయవాల పేర్లు ఏ భాషలోనైనా అతి ప్రాచీనమైన పదసంపదలో భాగం. వాటిలో పెదవికి ఒక ప్రత్యేకత ఉంది. అది అవయవమే కాక, మాటను పుట్టించే స్థానం కూడా. అందువల్ల పెదవికి సంబంధించిన పదజాలం కావ్యం, వ్యాకరణం, వైద్యం, వ్యవహారం అనే నాలుగు రంగాలలోనూ విస్తరించింది. కోదాడ సమీపంలోని అనంతగిరి మండలం నేడు సూర్యాపేట జిల్లాలో ఉన్నా, 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు అది నల్లగొండ జిల్లాలోనిదే. ఆ పాత నల్లగొండ ప్రాంతమే తెలుగులో పెదవి కదలికను కావ్యనియమంగా స్వీకరించిన కవికి జన్మనిచ్చింది. ఈ పదజాల చరిత్రను ఆ నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దేశ్య, తత్సమ పదాలు:

తెలుగులో పెదవి, మోవి, వాతెర అనేవి దేశ్యపదాలు. పెదవికి పెదిమ అనే రూపాంతరం, పెదాలు అనే వ్యావహారిక బహువచనం ఉన్నాయి. వాతెరలోని ‘వా’ నోరు అనే అర్థం గల ‘వాయి’ పదానికి సంక్షిప్తం. వాకిలిలో కనిపించేదీ అదే. నోటికి తెర వంటిది కనుక వాతెర అయింది. మోవి, వాతెర కావ్యభాషకే పరిమితమై క్రమంగా వ్యవహారం నుంచి తొలగిపోగా, పెదవి రెండుచోట్లా నిలిచింది. మూతి అనే పదం పెదవులతో పాటు వాటి పరిసర భాగాన్నీ సూచిస్తుంది. కుండ మూతి, మూతి ముడుపు, మూతి విరుపు అనే ప్రయోగాలు దాని అర్థవ్యాప్తికి నిదర్శనాలు.

సంస్కృతం నుంచి ఓష్ఠం, అధరం వచ్చాయి. ‘అధర’ శబ్దానికి కింది అని అర్థం. కాబట్టి అధరం మొదట కింది పెదవికే చెల్లినా, కావ్యాలలో పెదవి అనే సామాన్యార్థాన్ని పొందింది. అమరకోశం వీటికి తోడు దంతాలను కప్పేది, దంతాలకు వస్త్రం వంటిది అనే అర్థాలలో రదనచ్ఛద, దశనవాసస్ శబ్దాలను పేర్కొంది. వాతెర, రదనచ్ఛదం రెండింటిలోనూ పెదవిని ఒక మరుగుగా చూసిన ఊహే ఉండటం గమనార్హం.

నిరోష్ఠ్య కావ్యం:

ప, ఫ, బ, భ, మ అనేవి ఓష్ఠ్యాలు. పెదవులు కలిస్తే తప్ప ఇవి పలకవు. సంస్కృత వైయాకరణులు ఉ, ఊలను కూడా ఓష్ఠ్యాలుగా, వకారాన్ని దంతోష్ఠ్యంగా పరిగణించారు. దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుడు ప్రియురాలి దంతక్షతంతో పెదవి నొచ్చినందువల్ల ఓష్ఠ్యాలు లేకుండానే తన కథ చెబుతాడు. అక్కడ నియమానికి కారణం దేహబాధ.

తెలుగులో ఈ నియమాన్ని రామకథకు అన్వయించినవాడు నల్లగొండ ప్రాంతపు మరింగంటి వంశానికి చెందిన సింగరాచార్యుడు. ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) కాలంలో, పొన్నెగంటి తెలగన్న అచ్చతెలుగు యయాతి చరిత్రను రచించిన యుగంలోనే, ఈయన దశరథరాజనందన చరిత్రను నిరోష్ఠ్యంగా రచించాడు. ఈ కావ్యనామమే నియమం ఎంత కఠినమైనదో తెలుపుతుంది. మకారం నిషిద్ధం కనుక ‘రామ’ అనే పేరు ఉచ్చరించడానికి వీలులేదు. నాయకుణ్ణి తండ్రి పేరుతోనే పిలవాలి.

తెలుగు స్వభావం ఈ నియమాన్ని మరింత క్లిష్టం చేస్తుంది. పెదవి, మోవి, మూతి అనే పేర్లు మూడూ ఓష్ఠ్యంతోనే మొదలవుతాయి. అధరం అనే తత్సమం గ్రాంథికంలో ‘ము’ అనే ప్రథమా ప్రత్యయంతో ‘అధరము’ అయి ఓష్ఠ్యాన్ని చేర్చుకుంటుంది. అంటే నిరోష్ఠ్య కవికి పెదవి పేరు చెప్పడానికే సమాసాలను ఆశ్రయించవలసిన స్థితి. దీనిని కేవలం చిత్రకవిత్వ గారడీగా కొట్టివేయడం కంటే, తెలుగు వర్ణక్రమంలో ఓష్ఠ్యాల ప్రాబల్యాన్ని కొలిచిన ప్రయోగంగా చూడటం సమంజసం.

వైద్య పరిభాష:

సుశ్రుతుడు నిదానస్థానంలో ఎనిమిది ఓష్ఠరోగాలను చెప్పాడు. వాత, పిత్త, కఫ, సన్నిపాత, రక్త, మాంస, మేదస్సులతో పాటు దెబ్బ తగలడం వల్ల కలిగేదాన్ని కూడా అందులో చేర్చాడు. ముక్కు సంధానంలో గొట్టాలు అమర్చడం మినహా మిగతా విధానమే పెదవికీ వర్తిస్తుందని సూత్రస్థానం తెలుపుతుంది. వాగ్భటుడు వాతం వల్ల పెదవి రెండుగా చీలడాన్ని ఖండౌష్ఠం అన్నాడు. శాస్త్రపదం రూపాన్ని, దేహంలోని కారణాన్ని చెబుతుంది.

దీనికి భిన్నమైనది లోకవ్యవహారంలోని ‘గ్రహణం మొర్రి’. గర్భిణి గ్రహణాన్ని చూడటం, ఆ వేళ ఏదైనా కోయడం వల్ల బిడ్డ పెదవి చీలుతుందన్న నమ్మకం ఈ పేరులో స్థిరపడింది. వాస్తవానికి గర్భస్థ శిశువు పైపెదవి 4 నుంచి 7 వారాల మధ్య ముఖభాగాల కలయికతో ఏర్పడుతుంది. ఆ కలయిక అసంపూర్ణమైతే చీలిక మిగులుతుంది. జన్యుపరమైన, పరిసరాలకు సంబంధించిన కారణాలు అనేకం కలిసి దీనికి దారితీస్తాయి. నమ్మకం తొలగినా పేరు మిగిలితే, ఆ పేరు తల్లిమీద నిందను మోస్తూనే ఉంటుంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే లోపాలలో పెదవి, అంగిలి చీలికలు ఉన్నాయి. సాధారణంగా 3 నుంచి 6 నెలల వయసులో శస్త్రచికిత్సతో పెదవిని సరిచేస్తారు. అంగన్‌వాడీలో తల్లికి చెప్పే మొదటి మాట ‘చీలిన పెదవి’ అయితే చికిత్స గుర్తుకు వస్తుంది. ‘గ్రహణం మొర్రి’ అయితే గ్రహణం నాటి తప్పు గుర్తుకు వస్తుంది.

మరోవైపు వాడుక తప్పినా కచ్చితమైన పదాలు కూడా ఉన్నాయి. పెదవులు కలిసే మూలకు తెలుగులో ‘సెలవి’ అని పేరు. రైబోఫ్లేవిన్, ఇనుము లోపాల వల్ల అక్కడ ఏర్పడే పగుళ్లను నేడు ‘నోటి మూలలు పగలడం’ అని వివరించి చెప్పవలసివస్తున్నది. ‘సెలవి పగులు’ అంటే ఒక్క సమాసంతో సరిపోతుంది.

ముగింపు:

అమ్మ, బువ్వ, పాప, మామ వంటి శిశుపదాలన్నీ ఓష్ఠ్యాలే. సింగరాచార్యుడు ఆ వర్ణాలను స్వేచ్ఛగా విడిచి కావ్యం రచించాడు. చీలిన పెదవితో పుట్టిన శిశువుకు చికిత్స అందేవరకు అవే వర్ణాలు కష్టసాధ్యాలు. ఒకే వర్ణసముదాయం ఒకచోట విద్వత్పరీక్షగా, మరొకచోట బాల్యపు అవసరంగా నిలిచింది. కనుక పెదవి పదజాల పరిశీలన నిఘంటువుతో ముగిసేది కాదు. ఏ పదాన్ని నిలుపుకోవాలో, ఏ పదాన్ని విడిచిపెట్టాలో వైద్యులతో పాటు భాషావేత్తలు కూడా నిర్ణయించవలసిన విషయమిది.