కరువు, కాలువ, క్రైస్తవం: ‘అంటరాని వసంతం’ అడిగే ప్రశ్న

జి. కల్యాణరావు నవల ‘అంటరాని వసంతం’ 2000లో వెలువడింది. పాతబస్తీ కళాశాలలో దాన్ని పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులు నన్ను ఏటా ఒకే ప్రశ్న అడుగుతారు: దళితులు గంజి కోసమే కదా క్రైస్తవంలో కలిసింది? ఈ మాట సనాతనులదే కాదు. అభ్యుదయవాదుల నోట కూడా తరచు వినిపిస్తుంది. అందుచేత చరిత్రను కొంచెం తరచి చూడవలసి ఉన్నది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడిన 1866లోనే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి బాప్తిస్మం పొందాడు. అప్పటికి మహా కరువు ఇంకా పదేళ్ల దూరంలో ఉన్నది. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలాది మంది మట్టి మోసి కూలి పుచ్చుకున్నారు. అది చెమటకు దక్కిన ప్రతిఫలమే గాని, ఎవరో వేసిన భిక్ష కాదు. కరువు సహాయం సాగినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపివేశాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గంజే కారణమైతే, గంజి ఆగిన తర్వాత ఇంతమంది ఎందుకు వచ్చారు? వెలివాడ మనిషిని మనిషిగా పలకరించే చోటు కోసం వచ్చారని నా అభిప్రాయం.

మిషన్ నివేదికలలో అంకెగా మిగిలిన ఆ మనిషికి కల్యాణరావు ఇల్లూ వాకిలీ ఇచ్చాడు. రూతు జ్ఞాపకాలలో ఎల్లన్న పాట వినిపిస్తుంది. అతని కొడుకు శివయ్య కరువులో ఊరు విడిచి, సైమన్ అవుతాడు. అట్లాగని రచయిత మిషన్‌కు హారతి పట్టలేదు. మతం మారినా కులం వెంట వచ్చిందని చూపించాడు. తరాలు గడిచాక జెస్సీ విప్లవోద్యమంలోకి నడుస్తాడు. ఆత్మగౌరవం కోసం మొదలైన నడక చర్చి గుమ్మం దగ్గర ఆగిపోలేదన్నమాట.

ఇది గతించిన చర్చ కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును సవరించి 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు షెడ్యూల్డు కులాల హోదా కల్పించారు. క్రైస్తవ దళితులకు ఈనాటికీ అది లేదు. మతం మారితే కులం పోయినట్లేనని చట్టం భావిస్తున్నది. పోలేదని నవల సాక్ష్యం చెబుతున్నది. ‘గంజి’ అని తేలికగా అనేసే ముందు, ఆ సాక్ష్యాన్ని వినడం మన కనీస ధర్మం.