డిగ్గా డీ: ఏ పాట వదిలినా పోలీసులకు చెప్పాల్సి వచ్చేది.. అయినా చార్టుల్లో నంబర్‌ వన్‌.. ఎవరీ బ్రిటన్‌ ర్యాపర్‌?

కొత్త వీడియో వదిలితే 24 గంటల్లో పోలీసులకు సమాచారం ఇవ్వాల్సి వచ్చేది. షో చేయాలన్నా, రికార్డింగ్‌ పెట్టుకోవాలన్నా 48 గంటల ముందే చెప్పాల్సి వచ్చేది. పాటలో ఎవరి చావు గురించీ, గాయాల గురించీ మాట్లాడకూడదన్న షరతు ఉండేది. ఈ షరతులు తప్పితే మళ్లీ జైలుకే వెళ్లాల్సి వచ్చేది. ఇన్ని ఆంక్షల మధ్య పాడుతూనే ఓ కుర్రాడు 21 ఏళ్లకే బ్రిటన్‌ ఆల్బమ్‌ చార్టులో మొదటి స్థానానికి చేరాడు. అతడే డిగ్గా డీ. పాటను నేరంగా చూడొచ్చా అని బ్రిటన్‌లో కొన్నేళ్లుగా సాగుతున్న చర్చలో ఎక్కువగా వినిపించే పేర్లలో ఇతడిదీ ఒకటి.

ఎవరీ డిగ్గా డీ?

అసలు పేరు రైస్‌ హెర్బర్ట్‌. 2000లో పుట్టాడు. పెరిగింది పశ్చిమ లండన్‌లోని ల్యాడ్‌బ్రోక్‌ గ్రోవ్‌లో. నాటింగ్‌ హిల్‌ పక్కనే ఉండే ఈ ఏరియాలో ఒక వీధిలో కోట్ల ఖరీదు చేసే ఇళ్లుంటే, పక్క వీధిలో పేదలుండే కౌన్సిల్‌ ఫ్లాట్లు ఉంటాయి. 2017లో 72 మందిని బలి తీసుకున్న గ్రెన్‌ఫెల్‌ టవర్‌ కూడా ఇక్కడికి దగ్గరే. టీనేజ్‌లోనే స్నేహితులతో కలిసి '1011' అనే గ్రూపులో పాడటం మొదలుపెట్టాడు. డబ్ల్యూ10, డబ్ల్యూ11 అనే అక్కడి పోస్ట్‌కోడ్‌ల నుంచి వచ్చిన పేరిది. 2017లో వాళ్ల వీడియోలు యూట్యూబ్‌లో లక్షల వ్యూస్‌ తెచ్చుకున్నాయి.

డ్రిల్‌ అంటే ఏంటి?

డ్రిల్‌ పుట్టింది అమెరికాలోని షికాగోలో. 2010 తర్వాత లండన్‌కు చేరి, అక్కడి యాసతో కొత్త రూపం తెచ్చుకుంది. బరువైన బేస్‌, చీకటి మూడ్‌, ముఖానికి మాస్కులు.. వీడియోలు ఇలాగే ఉంటాయి. సాహిత్యమంతా వీధి గొడవలు, కత్తులు, పోగొట్టుకున్న స్నేహితుల గురించే. ప్రత్యర్థి గ్రూపును వెక్కిరించడం కూడా ఇందులో మామూలే. పోలీసుల అభ్యంతరం ప్రధానంగా దీనిమీదే.

కోర్టు ఏం చెప్పింది?

2017 నవంబర్‌లో 1011 సభ్యులు కొందరు కత్తులు, బేస్‌బాల్‌ బ్యాట్లతో పోలీసులకు దొరికారు. ప్రత్యర్థులపై దాడికి వెళ్తున్నారన్నది పోలీసుల ఆరోపణ. 2018లో డిగ్గా డీ సహా ఐదుగురికి శిక్ష పడింది. దాంతో పాటే కోర్టు 'క్రిమినల్‌ బిహేవియర్‌ ఆర్డర్‌' కూడా ఇచ్చింది. ఒక కేసులో నేరం రుజువైన వ్యక్తి మళ్లీ ఆ దారి పట్టకుండా కోర్టు పెట్టే షరతుల జాబితా అది. 2014లో వచ్చిన చట్టం ప్రకారం దాన్ని ఉల్లంఘిస్తే ఐదేళ్ల వరకు జైలు. మొదట్లో చెప్పుకున్న షరతులన్నీ ఇందులోవే. గ్యాంగ్‌ గొడవలకు ముడిపెట్టి కొన్ని పోస్ట్‌కోడ్‌ల పేర్లు ఎత్తడం కూడా నిషేధించారు. పుట్టి పెరిగిన వీధుల గురించి పాడేవాడికి ఇది చిన్న షరతేం కాదు.

ఆంక్షల మధ్యే హిట్లు

శిక్షలతో జైలుకు వెళ్లి వస్తూనే పాటలు వదిలాడు. 2019లో 'నో డైట్‌' బ్రిటన్‌ టాప్‌ 20లోకి వెళ్లింది. 2021లో 'మేడ్‌ ఇన్‌ ది పైరెక్స్‌' ఆల్బమ్‌ చార్టులో మూడో స్థానం అందుకుంది. అదే ఏడాది ఆర్‌డీతో చేసిన 'వేస్టెడ్‌' టాప్‌ 10లో నిలిచింది. 2022 ఏప్రిల్‌లో 'నాటీ బై నేచర్‌' ఏకంగా నంబర్‌ వన్‌ అయింది. అంతకుముందే, 2020లో బీబీసీ త్రీ అతడిపై 'డిఫెండింగ్‌ డిగ్గా డీ' అనే డాక్యుమెంటరీ తీసింది. ఏ లైన్‌ ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది లాయర్‌తో కూర్చుని చూసుకోవాల్సిన పరిస్థితి అందులో కనిపిస్తుంది.

పాడినందుకే శిక్ష!

ఇలాంటి చిక్కుల్లో పడింది ఇతడొక్కడే కాదు. బ్రిక్స్‌టన్‌కు చెందిన స్కెంగ్‌డో, ఏఎం అనే జోడీపై గ్యాంగ్‌ ఇంజంక్షన్‌ ఉండేది. అయినా 2018 డిసెంబర్‌లో లండన్‌లో ఓ షోలో 'అటెంప్టెడ్‌ 1.0' పాట పాడారు. 2019 జనవరిలో కోర్టు ఇద్దరికీ తొమ్మిది నెలల జైలు శిక్ష వేసి, రెండేళ్లు నిలిపి ఉంచింది. ఆ కేసులో ఎవరినీ కొట్టలేదు, గాయపరచలేదు. పాట పాడటమే ఉల్లంఘన.

యూట్యూబ్‌, ఇన్‌స్టాలోనూ..

లండన్‌ పోలీసులు సోషల్‌ మీడియా కంపెనీలకు కూడా నేరుగా రాస్తారు. 2018లో వాళ్లు అడగడంతో యూట్యూబ్‌ 30కి పైగా వీడియోలు తీసేసింది. 2021 జూన్‌ నుంచి 2022 మే వరకు డ్రిల్‌ పాటలపై 286 సార్లు అడిగితే, 255 సార్లు కంపెనీలు ఒప్పుకున్నాయి. మెటా ఓవర్‌సైట్‌ బోర్డు విచారణలో బయటపడిన లెక్క ఇది. చింక్స్‌ ఓఎస్‌ అనే ర్యాపర్‌ పాటను ఇన్‌స్టాగ్రామ్‌ నుంచి తొలగించడం తప్పని ఆ బోర్డు 2022 నవంబర్‌లో తేల్చింది. పాట వల్ల హింస జరుగుతుందనడానికి సరైన ఆధారాలు లేవని చెప్పింది.

ఎవరి వాదన ఏంటి?

పోలీసుల మాట సూటిగా ఉంది. 2018లో లండన్‌లో 130కి పైగా హత్యలు జరిగాయి. ఆన్‌లైన్‌లో విసిరే సవాళ్లు వీధిలో కత్తిపోట్లకు దారితీస్తున్నాయని వాళ్లంటున్నారు. కొడుకును పోగొట్టుకున్న తల్లికి, ఆ చావును వెక్కిరించే పాట ఫోన్‌లో మోగితే ఎలా ఉంటుందన్న ప్రశ్ననూ కొట్టిపారేయలేం. విమర్శకులు మాత్రం, సినిమాల్లో, నవలల్లో హింసకు లేని అడ్డు పేద నల్లజాతి యువకుల పాటలకే ఎందుకని అడుగుతున్నారు. కొందరికి వీధి గొడవల నుంచి బయటపడే దారి కూడా ఈ సంగీతమేనని వాళ్ల వాదన.

మళ్లీ జైలుకు

డిగ్గా డీ కథ అతడి అభిమానులు కోరుకున్న మలుపు తిరగలేదు. 2024 ఫిబ్రవరిలో లింకన్‌షైర్‌లోని ఇంట్లో ఉండగా పోలీసులు వచ్చారు. ఇన్‌స్టా లైవ్‌ నడుస్తుండగానే అరెస్ట్‌ చేశారు. గంజాయి దిగుమతి, సరఫరా కేసులో నేరం ఒప్పుకున్నాడు. దాదాపు నాలుగేళ్ల జైలు శిక్ష పడింది.

ఈ శిక్షకు కారణం పాట కాదు. ఏళ్ల తరబడి అతడి సాహిత్యంపై నిఘా పెట్టినా ఈ నేరం ఆగలేదని ఒకరంటే, నిఘా అవసరమని ఇదే చెబుతోందని ఇంకొకరంటున్నారు. చేసిన నేరానికి శిక్ష పడాలన్న విషయంలో పెద్దగా గొడవ లేదు. రాసిన లైన్‌కు కూడా పడాలా అన్న దగ్గరే బ్రిటన్‌ ఇంకా రెండుగా చీలి ఉంది.