మెలికల ముగ్గులో గీతలెన్ని?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో స్థిరపడిన తెలుగువారికీ సంక్రాంతికి వాకిట్లో ముగ్గు ఉండాల్సిందే. మెలికల ముగ్గులో ఓ చిక్కుప్రశ్న దాగి ఉంది: చుక్కలన్నిటినీ ఒకే గీత చుట్టి వస్తుందా, లేక చేయి ఎత్తి మళ్లీ మొదలుపెట్టాలా?

కుట్టుపని, లేజర్ కటింగ్ డిజైన్లకు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ (2003) దీన్ని తేల్చేస్తుంది. పక్కపక్క చుక్కల మధ్య గీతలు కత్తెరలా దాటేలా, అంచుల్లో వంపు తిరిగేలా గీయాలి. కొసలను జతచేసి, మొత్తాన్ని ఒకే పాత్‌గా మార్చి ‘బ్రేక్ అపార్ట్’ నొక్కితే ఎన్ని ముక్కలైతే అన్ని గీతలు. 3×5 చుక్కలకు ఒక్కటే, 4×6కు రెండు, 4×4కు నాలుగు. బడిలో విసుగుపుట్టించిన గసాభాయే ఇది!

కోలాలకు గణిత వ్యాకరణాన్ని గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ 1974లోనే రాశారు.

4×6 ముగ్గును ఒకే గీతగా మార్చాలంటే ముక్కలకు వేర్వేరు రంగులివ్వండి. రెండు రంగులు దాటుకునే ఒక్కచోట కత్తెర తీసి, ఎదురెదురు వంపులు పెడితే చాలు. ఒకే రంగు తనను తాను దాటేచోట తీస్తే మాత్రం గీత రెండుగా తెగిపోవచ్చు.