టెన్‌బరీ సంతలో మిసిల్‌టో వేలం

రోమన్ రచయిత ప్లినీ క్రీ.శ. 1వ శతాబ్దంలో రాసిన ప్రకారం, గాల్ దేశపు డ్రూయిడ్ పూజారులు ఓక్ చెట్టెక్కి బంగారు కొడవలితో మిసిల్‌టో అనే పరాన్నజీవి మొక్కను కోసేవారు. నిజానికి ఓక్ మీద అది కనిపించడమే అరుదు. బహుశా అందుకే అంత భక్తి!

మన మామిడి కొమ్మల మీది బదనికకు ఇది దూరపు చుట్టం. ఆకుల్లో ఆహారం తానే తయారుచేసుకుంటుంది, నీళ్లూ లవణాలూ మాత్రం చెట్టు నుంచి లాక్కుంటుంది. తెల్లటి పండు పిసికితే గుజ్జు జిగురుగా సాగుతుంది. బ్లాక్‌క్యాప్ పిట్ట గుజ్జు తిని, గింజను కొమ్మకేసి రాసేస్తుంది. అక్కడే మొలక.

మిసిల్‌టో కింద ముద్దుపెట్టుకునే క్రిస్మస్ ఆచారాన్ని డికెన్స్ ‘పిక్‌విక్ పేపర్స్’లో ముచ్చటగా చిత్రించాడు. ఆ సరదాకు సరుకు కావాలిగా! ఇంగ్లండ్‌లోని టెన్‌బరీ వెల్స్‌లో 19వ శతాబ్దం నుంచీ వేలం సాగుతోంది. చుట్టుపక్కల ఆపిల్ తోటల్లో కోసిన కట్టలను నేలమీద వరసలుగా పేర్చి, పండ్లు ఎంత దట్టంగా ఉన్నాయో చూసి పాట పాడతారు.

లండన్ శివారు బుషీ పార్కులో లైమ్ (లిండెన్) చెట్ల మీదా మిసిల్‌టో గుబుర్లుగా పెరుగుతుంది. వెలుతురు తగిలే విడి చెట్లంటే దానికి ఇష్టం.

ఆపిల్ తోటల్లోనే చిక్కంతా. పండ్లు కాసేది ఆడ మొక్కే. దాన్నే కోస్తూ పోతే, మగ మొక్కలు ముసలి ఆపిల్ చెట్టును కమ్మేస్తాయి.