మోసే భుజం కొలత

వైశాఖ మాసం. తిరుపతి గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాల్లో అయిదో రాత్రి. పగలంతా కాగిన వీధి ఇంకా చల్లారలేదు. మీరు చెప్పులు ఎక్కడో విడిచి వచ్చారు, అరికాళ్ళు చురుక్కుమంటున్నాయి. మాడవీధి మలుపులో ఒక అంగడి అరుగు ఎక్కి నిలబడ్డారు. భుజాన సంచి, అందులో స్కెచ్ పుస్తకం, అయిదు మీటర్ల టేపు. వెనకాల చీకట్లో 1624లో మట్ల అనంతరాజు కట్టించిన ఏడంతస్తుల గోపురం, దాని ఒంటినిండా దీపాలు.

గరుడ వాహనం మలుపు దగ్గరికి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలెత్తి గోవిందలు కొడుతున్నారు. మీరు మాత్రం ఒక్కసారి కిందికి చూడండి.

పొడుగాటి మోత కర్రలు. వాటికింద ముందు కొందరు, వెనక కొందరు, పంచెలు బిగించి కట్టినవాళ్ళు. వాహనం తిరుగుతుంటే మలుపు లోపలి వైపున్నవాళ్ళు అడుగు కురచ చేస్తున్నారు, బయటివైపు వాళ్ళు సాగదీస్తున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పడం లేదు. ఒకతను తల వంచి, కర్రకూ మెడకూ మధ్య మడతపెట్టిన తువ్వాలును అరచేతి వెడల్పు వెనక్కి జరుపుకున్నాడు. ఆ క్షణంలో అతని వాటా బరువు పక్కవాడి మీదికి పోయింది. పక్కవాడి మోకాలు కొంచెం వంగి మళ్ళీ నిలదొక్కుకుంది. పైన అర్చకులు ఉత్సవమూర్తిని పట్టుకుని ఉన్నారు. గొడుగు ఊగింది. హారతికి ఆగారు. పళ్ళెం తిరుగుతున్నంతసేపూ బరువు భుజాల మీదే ఉంది.

మీరు పుస్తకం తెరిచి గీస్తారు. గరుడుణ్ణి కాదు. తువ్వాలును.

మీది పలమనేరు. చదువు అహ్మదాబాద్‌లో, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో ఫర్నిచర్ అండ్ ఇంటీరియర్ డిజైన్. ఊళ్ళో ఎవరికైనా చెబితే "ఓహో, ఇంటీరియర్ డెకరేషనా" అంటారు, మీరు సర్దిచెప్పడం మానేశారు. ఎండాకాలం సెలవులకు మీ అయ్యవారు ఇచ్చిన పని చిన్నదే: మీ ప్రాంతంలో ఒక చేతిపనిని దగ్గరుండి చూసి, కొలిచి, గీసి తీసుకురండి. మొదటి సంవత్సరంలో మీకు కంఠతా వచ్చిన పుస్తకం ఒకటుంది. దేబ్‌కుమార్ చక్రవర్తి భారతీయుల శరీర కొలతలను సేకరించి 1997లో ఆ సంస్థ నుంచే వెలువరించినది. పాదం నుంచి మోకాలి వెనక వరకు ఎంత, మోచేయి ఎత్తు ఎంత, పిరుదుల వెడల్పు ఎంత. దాన్నిబట్టే కుర్చీ పీట నేల నుంచి 42, 45 సెంటీమీటర్ల మధ్య ఉండాలని మీ వేళ్ళకు తెలుసు.

ఆ సంస్థ పుట్టడానికి బీజం ఛార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక. సంస్థ 1961లో మొదలైంది. ఆ నివేదికలో వాళ్ళు మన చెంబును చేతిలోకి తీసుకుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు. పట్టుకుంటే ఎలా ఉంటుంది, ఒంపితే నీళ్ళు ఎలా పడతాయి, ఎలా మోస్తారు అని. తలమీదా, చంకనా, చేతనా, గంపలోనా, బండిమీదా అని అడుగుతారు. భుజం ఆ జాబితాలో లేదు. చెంబును భుజాన మోసేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి అది తప్పేమీ కాదు. కానీ తిరుపతిలో దేవుడు కూర్చునే సామాను అంతా భుజాల మీదే నడుస్తుంది.

కొండమీది గుడినే తీసుకోండి. ఏకాంత సేవలో భోగ శ్రీనివాసమూర్తికి మంచం. సహస్రదీపాలంకార సేవలో ఊయల. ఊరేగింపుకు తిరుచ్చి, పల్లకి, శేషుడు, హంస, సింహం, గరుడుడు, రథం. ఒక ఇంటికి కావలసిన సామానంతా, ఇంటికి అక్కరలేనిది కూడా. దీనికి పాఠ్యపుస్తకం లేకపోలేదు. మానసారంలో 70 అధ్యాయాలున్నాయి. 43వది రథాలకు, 44వది శయనాలకు, 45వది సింహాసనాలకు. మంచం గురించి ఒక అధ్యాయమంతా రాసిన పెద్దమనిషికి ఫర్నిచర్ డిజైన్ చదువు కొత్తగా అనిపించి ఉండదు.

మర్నాడు పొద్దున తితిదే నడిపే శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ ఆలయ శిల్ప శిక్షణ సంస్థకు వెళ్ళారు. ఇక్కడ డిప్లొమా కూడా నాలుగేళ్ళే, మీ డిగ్రీ లాగే. ఆలయ నిర్మాణం, రాతి శిల్పం, సుధా శిల్పం, లోహ శిల్పం, కొయ్య శిల్పం, సంప్రదాయ చిత్రలేఖనం, ఇవి ఆరు విభాగాలు. కలంకారికి వేరే రెండేళ్ళ సర్టిఫికెట్. పదో తరగతి పాసైనవాళ్ళు చేరతారు. చేరిన ఒక్కొక్కరి పేరా లక్ష రూపాయలు బ్యాంకులో వేసి, చదువు ముగిశాక చేతికిస్తారు, పనిముట్లు కొనుక్కుని సొంతంగా బతకమని. మీ బ్యాంకు అప్పు గుర్తొచ్చి మీరు కాసేపు ఏమీ మాట్లాడరు.

ఒక పిల్లవాడు కాగితం మీద నిలువు గీత గీసి దాన్ని భాగాలు చేస్తున్నాడు. పదిహేడేళ్ళుంటాయేమో. విష్ణుమూర్తికి ఉత్తమ దశతాళం అనే కొలత: మొత్తం ఎత్తు 124 అంగుళాలు. అమ్మవారికి మధ్యమ దశతాళం, 120. వినాయకుడికి పంచతాళమే. ఇవి టేపు మీది అంగుళాలు కావు. విగ్రహం రెండడుగులుండనీ, ఇరవై అడుగులుండనీ, దాని ఎత్తును 124 పాళ్ళు చేస్తే ఒక పాలు ఆ విగ్రహానికి అంగుళం, దేహలబ్ధాంగుళం. ఇంకొకటి మాత్రాంగుళం, మధ్యవేలి నడిమి కణుపును బట్టి తీసేది. మీరు మీ మధ్యవేలు చూసుకుంటారు. ఆ పిల్లవాడు తనది చూపిస్తాడు. మీకంటే పొడుగు.

మీ చదువులో వందలమందిని కొలిచి ఒక సగటు మనిషిని తయారు చేస్తారు. ఇతని చదువులో ప్రతి బొమ్మా తన కొలత తనే తెచ్చుకుంటుంది. రెంటిలో ఏది మేలన్న చర్చ మీ తరగతిలో ఒక పూటంతా నడుస్తుంది. నన్నడిగితే, రాత్రి తువ్వాలు జరుపుకున్న మనిషి రెంటిలోనూ లేడు.

కొయ్య బొమ్మలు చెక్కే ఊరు మాధవమాలకు బస్సు శ్రీకాళహస్తి దారిలో పోతుంది. రేణిగుంట దాటాక ఏర్పేడులో దిగి ఆటో ఎక్కాలి. ఐఐటీ, ఐసర్ ఈ ఏర్పేడు చుట్టుపక్కలే ఉన్నాయి. రెండూ 2015లో తిరుపతికి వచ్చినవే. కొత్త ప్రాంగణాల గోడలు వెనకబడ్డాక కాసేపటికి కొయ్య మీద కొయ్య పడే చప్పుడు మొదలవుతుంది. ఒక ఇంట్లో ఆగితే ఇంకో ఇంట్లో. ఊరి వీధి పొడుగునా అదే. అరుగుల మీద సగం తేలిన వేంకటేశ్వరులు, దశావతారాలు, తలుపు రెక్కలు. కాళ్ళకింద పొట్టు. గాలినిండా టేకు వాసన.

ఒక ముసలాయన నేలమీద కూర్చుని ఉన్నాడు. కుడికాలు మడిచి, ఎడమకాలు చాచి, రెండు అరికాళ్ళ మధ్య దుంగను బిగించి పట్టాడు. మీ కాలేజీ వర్క్‌షాపులో ఈ పనికి ఇనుప వైస్ ఉంటుంది. దాన్ని వదులు చేసి, తిప్పి, మళ్ళీ బిగించడానికి అర నిమిషం. ఈయన మడమ కదిపితే దుంగ తిరుగుతుంది. ఉలి కొట్టేటప్పుడు దుంగలో ఎక్కడ పట్టు తప్పుతోందో ముందు ఆయన కాలి బొటనవేలికి తెలుస్తుంది, తర్వాతే చెవికి. బల్ల, ఎత్తు, వెన్ను నిటారు అన్న మాటలు మీ నోటిదాకా వచ్చి ఆగిపోతాయి.

"యా వూరు నాయనా?"

"పలమనేరు తాతా."

"ఏం చదవతా ఉండావు?"

చెబుతారు. కుర్చీలు, మంచాలు, బీరువాలు ఎట్లా చేయాలో నేర్పుతారని.

"ఎన్నేండ్లు?"

"నాలుగు."

ఉలి ఆగింది. "నాలుగేండ్లు చదివితే కుర్చీకాలు ఆడకుండా ఉంటాదా?"

అరుగుమీద ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు నవ్వారు. మీరూ నవ్వి, రాత్రి చూసిన వాహనం సంగతి ఎత్తుతారు. ఈయన గుడి వాహనాలు చేశాడు, హంస, సింహం, తమిళనాడుకూ పోయాయి. మోత కర్ర ఎక్కడ దూర్చాలో ఎట్లా తెలుస్తుందని అడుగుతారు.

"సామి బరువొకటే లెక్క కాదు. పైన అయ్యవార్లు ఎక్కతారు. పూలహారాలు తడిగా ఉంటాయి, అవెంత తూగతాయో నీకు తెల్దు. గొడుగు పట్టినోడు ఊగతా ఉంటాడు. అదంతా ఎనక్కి పడితే ఎనకోళ్ళ పని అయిపోయినట్టే. అందుకే మోసేవాళ్ళు ఎంతమందని ముందు అడుగుతా. గుడి వాకిలి ఎత్తు అడుగుతా. వీధిలో కరెంటు తీగలు యాడ కిందికి దిగినాయో అడుగుతా. శాస్త్రంలో సామి కొలతలు ఉండాయి. ఇవి లేవు. ఇవి పోయి చూసుకోవాల."

"మోసేవాళ్ళ ఎత్తు కూడానా?"

"పొడుగోళ్ళను ఒకపక్క, పొట్టోళ్ళను ఒకపక్క పెట్టేది వాళ్ళ మేస్త్రీ పని. కర్రను మట్టంగా పెట్టేది నా పని."

రాసుకుంటారు. ఇన్నాళ్ళూ మీ నమోదు పత్రంలో వాడేవారు అన్న గడి ఒక్కటే ఉండేది. దానికింద గీత కొట్టి ఇంకో గడి వేస్తారు.

ఆయన లోపలికి వెళ్ళి గుప్పెడంత ముక్క ఒకటి తెచ్చి బకెట్‌లో వేశాడు. కొయ్య తేలుతుందనుకున్న మీ కళ్ళముందే అది మునిగింది. ఎర్రచందనం. శేషాచలం, దాని చుట్టుపక్కలి తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో సహజంగా ఎక్కడా పెరగని చెట్టు. ఒకప్పుడు తిరుపతికి వచ్చినవాళ్ళు కొనుక్కుపోయే రాజారాణి బొమ్మలు దీనితోనే చెక్కేవారు. 1995లో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితా సైటిస్‌లోకి ఎక్కింది. ఇప్పుడు కాగితం లేని ముక్క దగ్గరుంటే కేసు. చెక్కేవాళ్ళు టేకుకూ వేపకూ మారారు.

ఈ కొయ్య ఫర్నిచర్ కాలేదని కాదు. అయింది, ఇక్కడ కాదు. చైనాలో దీన్ని జితాన్ అంటారు. మింగ్, చింగ్ చక్రవర్తుల సింహాసనాలకు, మంచాలకు, బీరువాలకు అన్నిటికన్నా పై మెట్టు కొయ్య ఇదే. బీజింగ్‌లో దీనికోసం ఒక మ్యూజియమే ఉంది. చెన్ లిహువా అనే వ్యాపారవేత్త 1999లో తెరిచింది. ఫర్నిచర్ చరిత్ర పాఠంలో ఆ నల్లని, నునుపైన కుర్చీల బొమ్మలు మీకు తెరమీద చూపించారు. జాయింట్లు చూడండి, మేకు లేదు చూడండి అన్నారు. ఆ చెట్టు ఏ కొండమీద పెరుగుతుందో ఎవరూ అడగలేదు. మీరూ అడగలేదు, మీ ఇంటికి కొన్ని గంటల దారిలోనే పెరుగుతున్నా.

పట్టుబడిన దుంగలను రాష్ట్ర ప్రభుత్వం 2014లో ప్రపంచ కొనుగోలుదారులకు ఈ-వేలం వేసింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి చెట్లు కొట్టడానికీ, దుంగలు మొయ్యడానికీ కూలికి వచ్చినవాళ్ళని చెప్పారు. అడవిలోకి లారీ రాదు. దుంగ కొండ దిగాలంటే భుజమే గతి. ఈ దుంగల కథతో వచ్చిన సినిమాలో ఆ భుజం హీరోది అవుతుంది, ఒకవైపు ఎత్తి నడిచే నడకకు ఈలలు పడతాయి. బీజింగ్ కుర్చీ పక్కన పెట్టే పలకమీద కొయ్య పేరు, రాజవంశం పేరు, చేసిన శతాబ్దం ఉంటాయి.

ముసలాయన బకెట్‌లోంచి ముక్క తీసి పంచెకు తుడిచి లోపల పెట్టేశాడు. దాని గురించి ఇంకేమీ అనలేదు. బదులుగా మూలనున్న వేంకటేశ్వరుణ్ణి చూపించాడు. రెండడుగుల టేకు విగ్రహం, అంతా పూర్తయింది, పై కుడిచేతి చక్రం మాత్రం లేదు.

"చెన్నైకి పంపితే ఎనక్కి వచ్చింది. పార్సిలోళ్ళు ఎత్తేసేటప్పుడు విరిగింది. నెలకొకటి ఇట్ల పోతా ఉండాది. గోనెపట్టా చుట్టినా అంతే, అట్టపెట్టెలో పెట్టినా అంతే. నాలుగేండ్లు చదవతా ఉండావు గదా, దీనికేమన్నా చెప్పు."

నేలమీద ఆయన పక్కనే కూర్చుని పుస్తకం తెరుస్తారు. వాహనాల బొమ్మల తర్వాతి పేజీ. పెట్టె ఒకటి. లోపల విగ్రహానికి రెండు చోట్లే పట్టు, పీఠం దగ్గరా నడుము దగ్గరా. చేతులకు ఏదీ తగలకుండా ఖాళీ. విసిరేసే పెట్టెను ఎందుకు విసురుతారు? పట్టుకోవడానికి చోటు లేక. కాబట్టి రెండు పక్కలా ఇద్దరి చేతులు దూరే సందులు, వంగకుండా ఎత్తగలిగే ఎత్తులో. ఒక్కడు ఎత్తడానికి వీల్లేనంత వెడల్పు. గీస్తుంటే కుర్రాళ్ళు అరుగు దిగి వచ్చి భుజాల మీంచి తొంగి చూస్తున్నారు. ఒకడు, "లోపల కొబ్బరిపీచు కూరితే?" అన్నాడు. అది మీకు తట్టలేదు. రాసుకుంటారు.

ముసలాయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"బాగుండాది. పెట్టెకు కొయ్య ఎంత పడతాది?"

చెబుతారు.

"పెట్టె మళ్ళ నాకు తిరిగొస్తాదా, కొన్నోడి దగ్గరే ఉండిపోతాదా?"

ఆలోచించలేదు. మడిచి వెనక్కి పంపేలా చేస్తే, బందులు పెడితే...

"పార్సిలోళ్ళు తూకానికి తీసుకుంటారా, పెట్టె సైజుకు తీసుకుంటారా? నువ్వు వెడల్పు పెంచితివి. కిరాయి పెరిగితే ఎవురు కట్టేది?"

మీరు టేపు చుట్టి సంచిలో వేసుకుంటారు. తిరుపతిలో పార్సిల్ ఆఫీసు ఎన్ని గంటలదాకా తెరిచి ఉంటుందని కుర్రాళ్ళను అడుగుతారు. వాళ్ళలో ఒకడు అప్పటికే బండి తాళాలు తీస్తున్నాడు, ఏర్పేడు బస్టాపు దాకా దింపుతానని.