విషవృక్షం, మధుపాత్ర

కొయ్యకు నీటితో పొత్తు కుదరదు. తడిసి ఉబ్బుతుంది, ఆరి కుంచించుకుంటుంది, చివరకు పగులుతుంది. అయినా 1972లో చైనాలోని చాంగ్‌షా నగరం వద్ద, మవాంగ్‌తుయిలో తవ్విన మొదటి సమాధిలో క్రీ.పూ. రెండవ శతాబ్దపు కొయ్య మధుపాత్రలు ఎరుపు, నలుపు రంగుల మెరుపు తగ్గకుండా బయటపడ్డాయి. ఇరువైపులా చెవుల వంటి పిడులున్న ఆ గిన్నెలలో కొన్నింటి లోపల, మద్యం స్వీకరించమని అతిథిని ఆహ్వానించే అక్షరాలు కనిపిస్తాయి.

ఆ కొయ్యను కాపాడింది ఒక చెట్టు పాలు. జపానులో దీనిని ఉరుషి అంటారు. ఇంగ్లీషులోని ‘ల్యాకర్’ అన్న మాట మన లక్కకు చుట్టమే కాని, పదార్థాలు వేరు. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చే లక్క కీటకాలు స్రవించేది. వేడికి మెత్తబడుతుంది, సారాయిలో కరుగుతుంది. గట్టిపడిన ఉరుషి వేడినీటికీ మద్యానికీ లొంగదు.

ఉరుషి గట్టిపడే తీరు విచిత్రం. అది నీరు ఆవిరై ఎండేది కాదు. గాలిలోని ఆమ్లజని సాయంతో లాకేజ్ అనే ఎంజైము ఉరుషియోల్ అణువులను ఒకదానితో ఒకటి పెనవేస్తుంది. అందుకు తేమ కావాలి. కనుకనే పనివారు పూత పూసిన పాత్రలను తడి గాలి నిండిన అరలలో ఉంచుతారు. ఈ మార్పుకు మూలం ఎంజైము వంటి పదార్థమని 1883లో జపాను రసాయనవేత్త హికోరోకురో యోషిదా వివరించాడు. తడిని అడ్డుకొనే పూత తడిలోనే పుడుతుందన్నమాట.

గట్టిపడక ముందు ఉరుషియోల్ చర్మానికి శత్రువు. అమెరికాలో పాయిజన్ ఐవీ తగిలితే దురద, బొబ్బలు కలిగించేది ఈ పదార్థమే. చాకళ్ళు బట్టలకు గుర్తు పెట్టిన నల్లజీడి, సొనతో మూతి పొక్కించే మామిడి కూడా ఆ కుటుంబంలోనివే. పూర్తిగా గట్టిపడ్డాక మాత్రం అదే పూత పెదవికి నిరపాయం.

క్రీ.పూ. 81లో ఉప్పు, ఇనుములపై ప్రభుత్వ గుత్తాధిపత్యం గురించి హాన్ రాజసభలో వాదం జరిగింది. ఒక గిన్నెకు వందమంది శ్రమ ఖర్చవుతోందని, చిత్రించిన ఒక్క గిన్నె వెలకు పది కంచు గిన్నెలు వస్తాయని అప్పటి విమర్శకులు ఆక్షేపించినట్లు ఆ వాదాల గ్రంథం చెబుతుంది.

ఆ శ్రమకు సాక్ష్యం పాత్రల మీదే ఉంది. సిచువాన్ ప్రాంతపు ప్రభుత్వ కర్మాగారాలలో తయారై, నేటి ప్యాంగ్యాంగ్ పరిసరాల సమాధులలో దొరికిన గిన్నెలపై కొయ్య చెక్కినవాడు, పూత పూసినవాడు, బొమ్మలు వేసినవాడు, ఆపై తనిఖీ చేసిన అధికారులు వరుసగా పేర్లతో కనిపిస్తారు. లోపం తేలితే బాధ్యుడెవరో తెలియాలి కదా! ఆ జాబితా కొయ్య పనివాడితో మొదలవుతుంది. అడవిలో చెట్టుకు గాటు పెట్టి, పచ్చి పాలు పట్టి, అందరికంటే ముందు చేతులు పొక్కించుకున్నవాడి పేరు అందులో లేదు.