ఆర్వీలో చిలుకలతో ప్రయాణం

మన తెలుగు కుటుంబాల్లో కుక్కల్ని పెంచేవాళ్ళు ఈ మధ్య బాగానే కనిపిస్తున్నారు గానీ, చిలుకల్ని పెంచేవాళ్ళు ఇంకా తక్కువే. మా ఇంట్లో రెండుండేవి: ఒక రామచిలుక, ఒక కాకటీల్. ఇప్పుడు రామచిలుక ఒక్కటే ఉంది. ఎమ్మెస్‌కని వచ్చి డాలస్‌లో స్థిరపడ్డ నేను, ఆర్వీ అద్దెకి తీసుకుని గ్రాండ్ కాన్యన్ వైపు మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి రెండింటితోనూ, తర్వాత ఒక్కదానితోనూ. అలా వెళ్దామనుకునేవారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది గాలి. పక్షి ఊపిరితిత్తులు మనవాటిలాంటివి కావు. గాలితిత్తుల సాయంతో గాలి వాటిలో ఒకే దిక్కుగా సాగుతుంది. గాలి పీల్చినప్పుడూ, వదిలినప్పుడూ కూడా ప్రాణవాయువు అందుతుంది. ఎగరడానికి ఇది గొప్ప ఏర్పాటే, కానీ విషవాయువు కూడా అంతే వేగంగా ఒంట్లోకి చేరుతుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1986 దాకా కానరీ పిట్టల్ని తీసుకెళ్ళింది అందుకే. ఇక ఆర్వీ అంటే వంటిల్లూ, పడగ్గదీ, పంజరమూ అన్నీ నాలుగడుగుల దూరంలో ఉండే చిన్న పెట్టె.

2016లో మొదటిసారి వెళ్ళినప్పుడు మా అమ్మ కూడా ఉంది. తెనాలి నుంచి అప్పుడే వచ్చింది. న్యూమెక్సికోలో ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో పొద్దున్నే అందరికీ దోసెలు వేస్తానంది. మేం ఇంటినుంచి తెచ్చుకున్న నాన్‌స్టిక్ పెనం పెద్ద మంట మీద పెట్టి, పిండి కోసం మంచుపెట్టెలో వెతుకుతుండగా ఇండియా నుంచి ఫోనొచ్చింది. ఖాళీ పెనం అలాగే కాలింది. మాడువాసన కూడా పెద్దగా రాలేదు. రామచిలుక మా ఆవిడతో బయట నీడలో ఉంది. లోపల ఉన్న కాకటీల్ పంజరం అడుక్కి దిగి, నోరు తెరిచి రొప్పింది. పావుగంటలో పోయింది.

నాన్‌స్టిక్ పూతను పీటీఎఫ్ఈ అంటారు. సుమారు 500 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి వేడెక్కితే అది విరిగి, పక్షుల్ని చంపే వాయువులు వదులుతుంది. పెద్ద మంట మీద ఖాళీ పెనం కొద్ది నిమిషాల్లోనే అంత వేడెక్కగలదు. కాకటీల్‌ని కొన్నప్పుడు ఇచ్చిన కాగితంలో ఈ మాట రాసే ఉంది. నేను చదవలేదు. డాలస్‌లో వంటిల్లు పక్షులుండే గదికి దూరం కాబట్టి అన్నాళ్ళూ నెట్టుకొచ్చాం. అమ్మ ఇప్పటికీ ఆ పెనం ఊసెత్తదు. తప్పు ఆవిడది కాదని నేను ఎన్నిసార్లు చెప్పినా లాభం లేకపోయింది.

కాబట్టి ఇనప పెనం, స్టీలు గిన్నెలు తీసుకెళ్ళండి. అద్దెబండిలో ఇచ్చే వంటసామాను వాడకండి. కొన్ని హీటర్లలో, ఓవెన్‌లో పరిచే షీట్లలో, గ్రిల్ పలకల మీద కూడా ఈ పూత ఉంటుంది. వంట వీలైతే బండి బయటే చేసుకోండి. అగరుబత్తీలు, సాంబ్రాణి, సెంటు స్ప్రేలు కూడా వద్దు. జనరేటర్ ఆడుతుంటే దాని పొగ వైపు కిటికీలు మూసెయ్యండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మనుషుల లెక్కన మోగేది, అది మోగేసరికి పక్షికి ఆలస్యం కావచ్చు.

రెండోది ఎండ. ఎండలో మూసిన బండి లోపల పది నిమిషాల్లోనే 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పెరగొచ్చు. ఏసీ వేసి వెళ్ళాం కదా అనుకుంటాం. 30 ఆంపియర్ల కనెక్షన్ అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీతోపాటు మైక్రోవేవ్, నీళ్ళ కెటిల్ పెట్టారంటే బ్రేకర్ పడిపోతుంది. నేను వైఫై థర్మామీటర్ పెట్టి నిశ్చింతగా ఉండేవాణ్ణి. కరెంటు పోతే రౌటరూ పోతుంది, హెచ్చరికా రాదు. సాఫ్ట్‌వేర్‌లో ఉండి ఈ మాత్రం తట్టకపోవడానికి సిగ్గుపడాలి! బ్యాటరీతో నడుస్తూ, సెల్ సిగ్నల్ మీద కబురు పంపే రకం కొనుక్కోండి. సిగ్నల్ లేని చోట పక్షిని వదిలి వెళ్ళకండి.

బండి కదిలేటప్పుడు చిన్న ప్రయాణపు పంజరం వాడాలి. దాన్ని సీటుబెల్టుతో కట్టి, కూర్చునే కర్ర కిందికి దించి, ఊగే బొమ్మలు తీసెయ్యాలి. నీళ్ళగిన్నె ఒలికిపోతుంది కాబట్టి దోసకాయ, ఆపిల్ ముక్కలు పెట్టి, ఆగిన ప్రతిచోటా నీళ్ళివ్వాలి. మా రామచిలుకకి పచ్చిమిరపకాయలంటే ప్రాణం. పక్షులకి కారం తెలియదు. అవకాడో మాత్రం విషం, గ్వాకమోలీ దరిదాపులకి కూడా రానివ్వకండి. స్లయిడ్ అవుట్ గది జరిపేటప్పుడు పక్షి తప్పనిసరిగా పంజరంలోనే ఉండాలి.

ఇక కాగితాలు. చాలా రాష్ట్రాలు పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతాయి. వెళ్ళే రాష్ట్రం, దాటే రాష్ట్రం రెండింటి నిబంధనలూ చూసుకోండి. డాలస్‌లో కరెంటు స్తంభాల మీద గూళ్ళు కట్టుకుని బతికే క్వేకర్ చిలుకని కాలిఫోర్నియాలో పెంచుకోవడం నిషిద్ధం. ఆ రాష్ట్ర సరిహద్దులో పండ్లు కూడా తనిఖీ చేస్తారు. మన దేశంలో రామచిలుకని పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇక్కడ పెంపకంలో పుట్టినవాటిని ఉంచుకోవచ్చు. కెనడా వెళ్ళాలంటే, రామచిలుక, కాకటీల్, బడ్జీ, పీచ్ ఫేస్డ్ లవ్‌బర్డ్ తప్ప మిగతా చిలుకలన్నిటికీ సైటీస్ ఒప్పందం కింద పత్రాలు కావాలి. ఆఫ్రికన్ గ్రే 2017 నుంచి మరీ కఠినమైన మొదటి జాబితాలో ఉంది. తిరిగొచ్చేటప్పుడు అమెరికా వ్యవసాయశాఖ నిబంధనలు వేరే ఉన్నాయి.

బయల్దేరేముందు దారిలో పక్షుల డాక్టర్లు ఎక్కడున్నారో రాసుకోండి. కుక్కల్నీ, పిల్లుల్నీ చూసే డాక్టర్లందరూ చిలుకల్ని చూడరు. అసోసియేషన్ ఆఫ్ ఏవియన్ వెటర్నేరియన్స్ వారి వెబ్‌సైట్‌లో ఊరిని బట్టి వెతకొచ్చు. ఆ రోజు మాకు దొరికిన డాక్టర్ గంటన్నర దూరంలో ఉన్నారు.